కాపలా లేని కాలువ

ఇవాళే ఈ కథలో అడుగుపెట్టినవాళ్ళకి రెండు ముక్కలు చెప్పి ముందుకు పోదాం.

నేలపూడి జయపాల్ తూర్పుమెరక కూలీపేటలో పుట్టాడు. ఇంజనీరింగు చదివి సైన్యంలో చేరాడు. కొండవాగుల మీద వంతెనలు కట్టే దళంలో మేజరు దాకా వెళ్ళాడు. బయటికొచ్చాక మళ్ళీ పుస్తకాలు పట్టి, పరీక్ష రాసి, రాష్ట్ర ఆర్థిక శాఖలో చేరాడు. ఇప్పుడు బడ్జెట్ డైరెక్టరు. ఏ శాఖకి ఎంత ఇవ్వాలి, ఎక్కడ కొయ్యాలి అన్నది ముందు ఇతని బల్ల దాటి వెళ్ళాల్సిందే. సచివాలయంలో వెనకాల 'కోతల మేజరు' అంటారు. ఎదురుపడితే కుర్చీ తుడిచి వేస్తారు.

ఈ వేసవిలో డెల్టా కాలువల మరమ్మతుకి డబ్బు కావాలని ఫైలు వస్తే జయపాల్ ఒక షరతు పెట్టాడు. చెప్పిన తేదీకి కాలువ కట్టేసి నీళ్ళు ఆపాలి, మర్నాడే పని మొదలవ్వాలి. ఒక్కరోజు జరిగినా అనుమతి రద్దు. ఎందుకు పెట్టాడో ఈ డెల్టాలో చంటిపిల్లకి కూడా తెలుసు. కాంట్రాక్టర్లు ఎండలన్నీ నీడపట్టున గడిపేస్తారు. ధవళేశ్వరంలో మళ్ళీ నీళ్ళు వదిలే ముందు హడావిడిగా నాలుగు తట్టల మట్టి పోస్తారు. మీదనుంచి నీళ్ళొచ్చేస్తాయి, బిల్లు వెళ్ళిపోతుంది. నీళ్ళ కింద ఏం చేశారో ఎవడు మునిగి చూస్తాడు? ఏళ్ళ తరబడి ఇదే దోపిడీ.

షరతు న్యాయమైనదే. కాని దాంతో కాలువ కట్టే తేదీ రాయిలా బిగిసిపోయింది. ఆ తేదీ ఇవాళే. సాయంత్రం పైన లాకుల దగ్గర నీళ్ళాపే తలుపులు దించేస్తారు. కాలువకి చిట్టచివర, మొగల్తూరు దాటి సముద్రం వైపున్న తూర్పుమెరకలో మంచినీళ్ళ చెరువు మాత్రం ఎండిపోయి ఉంది. అక్కడ బోరు వేస్తే ఉప్పునీళ్ళు. చెరువు నిండకుండా కాలువ కట్టేస్తే మళ్ళీ నీళ్ళొచ్చేదాకా ఊరంతా టిన్ను నీళ్ళు కొనుక్కోవాలి. కొనలేనివాళ్ళు ఉప్పునీళ్ళే తాగాలి.

జయపాల్ అక్క దీనమ్మ ఆ ఊళ్ళో కూలీ సంఘానికి పెద్ద. కిందటివారం ఆమె ఫోనులో ఒక్క మాటే అని పెట్టేసింది. "రా. వచ్చి నీ చెరువు చూసుకో."

వచ్చాడు. సెలవు పెట్టి, ప్రభుత్వం కారు సచివాలయంలోనే వదిలేసి, పాలకొల్లు దాకా రైల్లో, అక్కడినుంచి ఆటోలో.

* * *

చెరువు అడుగున నెర్రెలు విచ్చిన మట్టి. మధ్యలో చాపంత బురద. కాలువనుంచి చెరువులోకి నీళ్ళు తెచ్చే తూము నోట్లో కాకి ఒకటి కూర్చుని ఉంది.

"చూశావా?" అంది దీనమ్మ.

"చూశాను."

"బాగుందా? ఫోటో తీసుకో. మీ ఆఫీసులో గోడకి తగిలించుకుందువుగాని."

పేటలో ఆడవాళ్ళంతా గట్టు మీదే ఉన్నారు. ఒక్కరు కూడా నవ్వలేదు. డైరెక్టరు గారు వచ్చారు గదా అని కుర్చీ వెయ్యలేదు. వెయ్యనందుకు జయపాల్‌కి లోపల హాయిగానే ఉంది.

"ఫోన్ చెయ్యి" అంది దీనమ్మ.

"ఎవరికి?"

"నాకేం తెలుసురా ఎవరికో! తేదీ పెట్టింది నువ్వే కదా. నాలుగు రోజులు జరపమను."

"జరపను."

"జరపలేవా, జరపవా?"

"జరపనక్కా."

దీనమ్మ తమ్ముణ్ణి పైనుంచి కిందకి చూసింది. చిన్నప్పుడు చంకనేసుకుని నాట్లకి తీసికెళ్ళిన మనిషి ఆమె. గట్టు మీద పడుకోబెట్టి, ఏడిస్తే వచ్చి కొంగుతో గాలి విసిరేది. ఇప్పుడు విసరడానికి చేతిలో రాయి ఉంటే బాగుండునన్నట్టు నిలబడింది.

"ఎందుకు జరపవు?"

"నేను ఒక్క ఫోను చేశాననుకో, ఈ కాలువ మీదున్న ప్రతి పెద్దమనిషీ ఒక ఫోను చేస్తాడు. డైరెక్టరు తన ఊరికి జరుపుకున్నాడు, మాకేం రోగం అంటాడు. తేదీ పోతుంది. తేదీ పోయాక మళ్ళీ నీళ్ళ కింద పనే. ఈ కాలువ పూడిపోయి మన చివరికి నీళ్ళు రాకపోవడానికి మొదటి కారణం అదే."

"బాగా చెప్పావు. బడిలో పాఠంలా ఉంది. ఈ పాఠం కాస్త బిందెలో పోసివ్వు, పిల్లలు తాగుతారు."

వెనకనుంచి ఎవరో కిసుక్కుమన్నారు. జయపాల్ అటు తిరిగాడు.

"ఈ ఏడు కాపలాకి ఎవరెళ్ళారు?"

కిసుక్కుమన్నవాళ్ళు కొంగులు సర్దుకున్నారు.

కాపలా అంటే ఇది. కాలువ కట్టే ముందు పైఊళ్ళ చెరువులన్నీ నిండాకే చివరి ఊరికి నీళ్ళు దిగుతాయి. పైవాళ్ళు తమ చెరువు నిండినా తూము మూయడం మర్చిపోతారు, లేదా మర్చిపోయినట్టు నటిస్తారు. అందుకని తూర్పుమెరకలో ఇంటికో మనిషి చద్దన్నం మూటతో కాలువ గట్టెక్కి, పైకి పోయి, ఒక్కో తూము దగ్గర ఒక్కొక్కరు కూర్చుంటారు. ఆ ఊరి చెరువు నిండగానే దగ్గరుండి మూయించి, తమ చెరువు నిండేదాకా అక్కడే కాపు కాస్తారు. పైఊరివాళ్ళు వేళాకోళం ఆడతారు, మజ్జిగ కూడా పోస్తారు. తాతల నాటినుంచీ నడుస్తున్న పద్ధతి. ఏ జీవోలోనూ లేదు. ఏ ఇంజనీరూ నేర్పలేదు.

"అడుగుతున్నాను. ఎవరెళ్ళారు?"

"ఎవరూ వెళ్ళలేదండి బాబాయ్ గారూ" అంది మెర్సీ. దీనమ్మ పక్కింటి కోడలు, పోయినేడు సంఘంలో చేరింది. నోరు దాచుకునే రకం కాదు.

"ఎందుకని?"

"మీరున్నారు కదాని."

జయపాల్‌కి అర్థం కాలేదు.

"మన మేజరు బడ్జెట్టు డైరెక్టరయ్యాడు, ఇంక మన నీళ్ళు ముట్టుకునే మగాడెవడు, ఎండలో మాడిపోవడం ఎందుకు, ఇళ్ళలో కూర్చోండర్రా అని అత్తే అంది" అని మెర్సీ దీనమ్మ వైపు వేలు చూపించింది.

"నేనొక్కదాన్నే అన్నానా? మీరంతా చప్పట్లు కొట్టలేదూ?" అంది దీనమ్మ.

"కొట్టాం అత్తా. కాదన్లేదు."

జయపాల్ గట్టు మీద చతికిలబడ్డాడు. తన మీద రాళ్ళు వేస్తారనుకుని వచ్చాడు. వీళ్ళు తనని నమ్మి కూర్చున్నారు. ఉద్యోగంలో ఎన్నో మెట్లెక్కాడు. ఎక్కిన ప్రతి మెట్టుకీ ఊరు ఒక్కో పని మానేసింది. అధికారి మనవాడైతే చాలు అనుకునే రోగం ఒక్క తూర్పుమెరకది కాదు, దేశమంతటిదీ. ఆ రోగానికి మందు ఒకటే, లేచి నడవడం.

లేచాడు. ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచాడు.

"పొద్దింకా ఉంది. పదండి."

"ఎక్కడికి?"

"కాపలాకి. నేను డైరెక్టర్ని కాను ఇవాళ. మన ఇంటి తరఫున మనిషిని."

దీనమ్మ వెంటనే కరిగిపోలేదు. "బూట్లిప్పు ముందు. వాటితో గట్టు మీద జారిపడితే మోసుకురావడానికి మాకు ఓపిక లేదు" అంది. అప్పుడు మాత్రం అందరూ నవ్వారు.

* * *

ఆటోలు ఎక్కారు, నడిచారు. దారిలో ఒక్కో ఊరి తూము దగ్గర ఆగారు. విచిత్రం ఏంటంటే, సగం చోట్ల గొడవే పడలేదు.

"ఇన్నాళ్ళూ ఏమైపోయారండీ బాబూ? మీరెవరూ రాకపోతే మీకు వేరే ఏర్పాటేదో అయిందనుకున్నాం" అన్నాడు ఒక ఊళ్ళో తూము దగ్గరున్న ముసలాయన. వాళ్ళ చెరువు ఎప్పుడో నిండి పొర్లుతోంది. తనే లేచి తూము మూసేశాడు. ఒక మనిషిని అక్కడ కూర్చోబెట్టి తక్కినవాళ్ళు ముందుకి కదిలారు.

కొమ్మగట్టు దగ్గర మాత్రం బండి ఆగింది.

అక్కడ కాలువ గట్టుకి అడుగున, గుర్రపుడెక్క చాటున, మనిషి దూరేంత గొట్టం ఒకటి ఉంది. ఊరి చెరువుది కాదు. అది ఆ ఊరి పెద్ద ఆసామి బుల్లబ్బాయి గారి చేపల చెరువుల్లోకి పోయే దొంగతూము. కాలువ సగం అందులోకే గుడగుడమంటూ దిగిపోతోంది. గట్టు మీద నీటిపారుదల శాఖ ఏ.ఈ. వినీల, తూములు తెరిచి మూసే లస్కరు లోవరాజుతో నిలబడి, ఆ గొట్టం తప్ప లోకంలో ఉన్నవన్నీ చూస్తోంది. ఉద్యోగంలో చేరి రెండో ఏడు. ముందున్న ఏ.ఈ. ఈ గొట్టం జోలికెళ్ళి ఎక్కడికి బదిలీ అయ్యాడో ఆ అమ్మాయికి తెలుసు.

బుల్లబ్బాయి గారు తెల్లచొక్కాలో వచ్చారు. ఆయన కేకలు వెయ్యరు. కేకలు వేసే అవసరం ఆయనకి ఎప్పుడూ రాలేదు.

"రండి రండి మేజరు గారూ! ఇంటికి రాకుండా గట్టు మీద నిలబడిపోయారేంటండీ? బొండాలు కొట్టించమంటారా?"

"నీళ్ళు కావాలండి. తూర్పుమెరక చెరువుకి."

"ఓస్, అదాండీ! మీకు నీళ్ళ కరువేంటండీ, బడ్జెట్టంతా చేతిలో పెట్టుకుని! మావాళ్ళతో అన్నాను కూడా. చూడండ్రా, ఆ ఊరికి ట్యాంకర్లు వరసకట్టి వస్తాయి, మనం తోడుకున్నా వాళ్ళకేం లోటు రాదూ అని. ఎటకారం కాదండి, ఒట్టు."

"ట్యాంకర్లు రావు. గొట్టం మూయించండి."

"మూయిస్తానండి, దానిదేముంది. నా చేపలు ఇంకో వారంలో పట్టుబడికొస్తాయి. మీరు ఒక్క ఫోను కొట్టి తేదీ వారం జరిపించండి. మీకూ నిండుద్ది, నాకూ నిండుద్ది. మీ అక్కగారు అడిగేదీ అదేనంట కదా? ఏం దీనమ్మా?"

మేజరుకి 'గారు'. దీనమ్మకి ఉత్త 'దీనమ్మా'. ఆమె అది పట్టించుకోలేదు, అలవాటే. ఇంకొకటి పట్టుకుంది.

"నేనడిగేది మీకెలా తెలుసండీ?"

బుల్లబ్బాయి గారు చిరునవ్వు నవ్వారు. జవాబు మాత్రం వెనకనుంచి వచ్చింది. వినీల రెండడుగులు ముందుకేసింది.

"సార్, రేపు ఈ కాలువలో పని మొదలెట్టాల్సిన కాంట్రాక్టరు వీరి బావమరిదండి. ఇంతవరకూ ఒక్క యంత్రం దించలేదు. తేదీ జరుగుతుందని నాతో ముందే చెప్పారు. ఫోను డైరెక్టరు గారి దగ్గరనుంచే వస్తుంది చూడమ్మా, వాళ్ళ ఊరు ఎండిపోతే ఆయనే జరుపుతాడు అన్నారు."

 దీనమ్మకి మెల్లిగా లెక్క తేలింది. తమ గొంతులెండబెట్టి, తమ నోటితోనే తమ్ముడి చేత ఆ ఫోను చేయించాలనుకున్నారు. పొద్దుటినుంచీ తను అరుస్తున్నది వీళ్ళ మాటే.

"ఒరే జయా" అంది.

"ఏంటక్కా?"

"ఫోన్ చేశావంటే కాళ్ళు విరగ్గొడతాను."

కొంగు నడుముకి బిగించి గట్టు దిగింది. కాలువలోకి దిగి, మొలలోతు నీళ్ళలో నడిచి, గొట్టం నోటికి అడ్డంగా వీపు ఆనించి కూర్చుంది. గుడగుడ ఆగిపోయింది. వెనకాలే మెర్సీ దిగింది. ఆ వెనకాల ఒక్కొక్కరే అందరూ.

"ఏవండోయ్ బుల్లబ్బాయి గారూ! మీ చేపలకి మా స్నానం నీళ్ళు చాలా?" అని అరిచింది మెర్సీ.

జయపాల్ చుట్టూ చూశాడు. చేపల మేత ఖాళీ సంచులు షెడ్డు దగ్గర గుట్టగా పడున్నాయి. వాటిని తెచ్చి గట్టు మీద వేశాడు. బంకమన్ను తవ్వి కూరడం మొదలుపెట్టాడు. గొంతులో పాత మేజరు లేచాడు.

"నిండా నింపొద్దు! సగానికి నింపండి. సగం ఉంటేనే ఒకదాని మీద ఒకటి సర్దుకుని కూర్చుంటాయి."

"మేజరు గారు దంచుతున్నారర్రా" అంది ఎవరో. "ప్యాంటు చూసుకోమనండి, ఊడిపోద్ది."

అతను నవ్వుతూనే నీళ్ళలోకి దిగాడు. అక్క పక్కకి జరిగితే ఆ ఖాళీలో మొదటి సంచి పెట్టాడు. సంచి మీద సంచి. వాటి సందుల్లో గడ్డి, మన్ను. చేతులకి ఆ పని గుర్తుంది. నదుల మీద వంతెనలు కట్టినప్పటికంటే, సచివాలయంలో కోట్లు కోసినప్పటికంటే ఈ మురికినీళ్ళలోనే అతనికి ఊపిరి బాగా ఆడింది.

"వినీల గారూ" అని బుల్లబ్బాయి గారు మెత్తగా పిలిచారు. "ప్రభుత్వ ఉద్యోగి నా ఆస్తి పాడుచేస్తుంటే చూస్తూ నిలబడ్డారేంటండీ?"

వినీల ఒకసారి లోవరాజు వైపు చూసింది. లస్కరు నేల వైపు చూస్తున్నాడు.

"మీ తూముకి అనుమతి చూపించండి, ఆపిస్తాను" అంది.

 ఆయన ఫోను జేబులో వేసుకుని, మోటార్‌సైకిలెక్కి వెళ్ళిపోయారు. అంత తేలిగ్గా వెళ్ళిపోవడం జయపాల్‌కి నచ్చలేదు. కాని కాలువలో నీళ్ళు అప్పటికే కిందికి పరిగెత్తుతున్నాయి. ఆడవాళ్ళు ఈలలు వేస్తున్నారు. అనుమానానికి చోటు లేకుండా పోయింది.

* * *

"తలుపులు దించేస్తే ఎలాగరా? చెరువు సగం కూడా నిండదు కదా?" అని, సంచుల దగ్గర ఇద్దర్ని కాపలా పెట్టి వెనక్కొస్తుంటే, దారి పొడుగునా దీనమ్మ గొణుగుతూనే ఉంది.

"దించనీ అక్కా. లాకులనుంచి మన ఊరిదాకా కాలువ పొడుగునా నీళ్ళే కదా ఉన్నాయి. అవన్నీ ఎటు పోతాయి?"

"ఎటు పోతాయి?"

"కిందికే. మనవైపే. మధ్యలో ఎవరూ తాగకపోతే చాలు. తేదీ జరగక్కర్లేదు. కాపలా కదలకపోతే చాలు."

దీనమ్మ ఆలోచించింది. "ఈ ముక్క పొద్దున్నే చెప్పొచ్చు కదా సన్నాసీ!"

"పొద్దున్న నువ్వు చెప్పనిచ్చావా?"

తూర్పుమెరక చేరేసరికి తూము నోట్లో కాకి లేదు. నీళ్ళు ముందు సన్నగా, ఎర్రగా, చెత్తతో వచ్చాయి. ఆ తర్వాత తూము ఒక్కసారి దగ్గి, నోరు నిండా కక్కడం మొదలుపెట్టింది. నెర్రెల్లోకి నీళ్ళు దిగుతుంటే బుడగలు లేచాయి. ఎండిన మట్టి వాసన ఊరంతా కమ్మేసింది. చర్చిలోంచి పాటల ప్రాక్టీసు మధ్యలో వదిలేసి జనం పరిగెత్తుకొచ్చారు. రామాలయం వీధివాళ్ళూ వచ్చారు. ఏ వీధివాళ్ళు ఏ మెట్ల మీద నిలబడాలన్న పాత పట్టింపు ఎవరికీ గుర్తు రాలేదు. రేపు గుర్తొస్తుంది, తెలుసు. ఇవాళ్టికి మాత్రం రాలేదు.

సూర్యుడు వాలుతుండగా లాకుల దగ్గర తలుపులు దించేశారని వినీల ఫోను చేసి చెప్పింది. అనుకున్న తేదీకే, అనుకున్న వేళకే. అయినా తూము ఆగలేదు. కాలువ ఖాళీ అవుతూ అవుతూ, ఉన్నదంతా తెచ్చి ఈ చెరువులో పోస్తోంది. నీళ్ళు రెండో మెట్టెక్కాయి. మూడో మెట్టు నాకుతున్నాయి.

దీనమ్మ వంగి దోసిట్లో తీసుకుని నాలిక్కి తగిలించుకుంది.

"తియ్యగా ఉన్నాయిరా" అంది. అని, అక్కడే కూర్చుండిపోయింది. ఇన్నాళ్ళ గుండెబరువు దించుకున్నదానిలా కాళ్ళు బారజాపింది.

జయపాల్ పక్కన కూర్చున్నాడు. చొక్కా నిండా బంకమన్ను. "వచ్చే ఏడాదినుంచి నేను చచ్చాననుకుని కాపలాకి వెళ్ళండక్కా."

"చావు మాటలేంట్రా సందెవేళ? బదిలీ అయ్యావనుకుంటాంలే."

ఇద్దరూ నవ్వారు. చాలా ఏళ్ళకి. అతను సైన్యంలోకి వెళ్ళిన రోజు ఏడ్చి, ఆఫీసరైన రోజు భయపడిన మనిషి ఆమె. పెద్ద కుర్చీ తమ్ముణ్ణి మింగేసిందనే అనుకుంది. మింగలేదు. తన పక్కనే ఉన్నాడు, బురద కంపు కొడుతూ.

సరిగ్గా అప్పుడే గట్టు మీద పోలీసు జీపు ఆగింది.

హెడ్ కానిస్టేబులు మురళీకృష్ణ దిగాడు. మంచివాడు, అందుకే అతన్ని పంపించారు. టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు.

"దీనమ్మ గారండీ, మెర్సీ గారండీ, ఇద్దరూ ఒకసారి స్టేషనుకి రావాలండి. కొమ్మగట్టులో బుల్లబ్బాయి గారి మీద దాడి చేశారనీ, చేపల చెరువు గట్టు నరికారనీ కంప్లయింటండి. కేసు గట్టిదే పెట్టారు. బెయిలు వెంటనే రాదండి."

"గట్టు ఎవరూ నరకలేదు. ఆయన్ని ఎవరూ ముట్టుకోలేదు" అంది మెర్సీ.

"నాకు తెలుసమ్మా. ఏం చెయ్యను?"

దీనమ్మ కొంగు పిండుకుని లేచింది. "నాకిదేం కొత్త కాదు. పద మెర్సీ. చెరువు నిండుతోంది, అది చాలు. జీపులో ముందు సీటు నాది."

"సంచులు పేర్చింది నేను" అన్నాడు జయపాల్. "నా పేరు లేదా?"

మురళీకృష్ణ తల దించుకున్నాడు. "లేదండి సార్. మీ పేరు ఉండకూడదని ఆయన ప్రత్యేకంగా చెప్పించారండి. మీరంతట మీరు చెబితే మాత్రం కాదనకుండా రాసుకోమన్నారు."

ఆ మాటలో ఉన్న ఉచ్చు అక్కాతమ్ముళ్ళిద్దరికీ ఒకేసారి కనబడింది. నోరు మూసుకుంటే ఆడవాళ్ళిద్దరే జైలుకి పోతారు, డైరెక్టరు కుర్చీలో ఉంటాడు. నోరు విప్పితే పోలీసు కేసున్న అధికారి రేపటికి సస్పెండవుతాడు. అతను లేని కుర్చీలోకి వచ్చేవాడు మొదట తీసేసేది ఆ షరతునే. రేపు పొద్దున్న కాలువలోకి ఒక్క యంత్రం కూడా దిగదు.

"రాసుకోండి. నేలపూడి జయపాల్" అన్నాడు.

"వద్దురా!" అని దీనమ్మ ఒక్క అంగలో వచ్చి తడిచెయ్యి తమ్ముడి నోటికి అడ్డం పెట్టింది.

కాని అతను అప్పటికే చెప్పేశాడు, ఇంటిపేరుతో సహా. మురళీకృష్ణ పెన్ను మూత తీశాడు.